స్టాకున్నంత వరకే అమృతం

బొగ్గుబావుల ప్రాంతంలో ఇక మీదట ఎవరూ దగ్గబోరని చైర్మన్ జగదీశ్వర్ గారు గోదావరిఖని చౌరస్తాలో ప్రకటించినప్పుడు నేను నిచ్చెన మీద ఉండి ఆయన నుదుటికి మేకు కొడుతున్నాను. ఫ్లెక్సీలోని నుదుటికి. కాబట్టి ఆ చారిత్రక ఘట్టాన్ని నాకంటే ఎత్తునుంచి చూసినవారు లేరు. పత్రికల వాళ్లు మర్నాడు ఒక మూల నాలుగు ముక్కలు వేసి చేతులు దులుపుకున్నారు. అంతటి విషయం అట్లా మరుగున పడిపోవడం నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు రాజం. లక్ష్మీనగర్‌లో రాజం ఫ్లెక్సీస్ అంటే ఎవరైనా చూపిస్తారు.

జగదీశ్వర్ గారు సంప్రదాయ ఔషధ పానీయాల అభివృద్ధి సంస్థకు చైర్మన్. ఆ సంస్థ ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. ఆయనకు ఏదో ఒక పదవి ఇవ్వక తప్పనప్పుడు, అది ఉన్నదని తేలింది. కాగితం మీద ఆయన ఇప్పటికీ మా బొగ్గుబావిలో పంపు ఆపరేటరే. అడుగున ఊరే నీళ్లను పైకి తోడే పంపు అది. ప్రజాసేవలో పడి ఆయన బావి దారి మరచిపోయారు. పంపు కూడా ఆయన్ని మరచిపోయి బాగానే నడుస్తోంది. ఇద్దరి మధ్యా ఏ తగాదా లేదు.

పదవి వచ్చాక పానీయం కోసం వెతకాల్సిన పని కూడా పడలేదు. ఆయన అత్తగారు పూలమ్మ గారు ఇంట్లో ఎవరికి పడిశం పట్టినా ఒకటి కాచి పోస్తారు. శొంఠి, వాము, తులసాకు, పాత బెల్లం, అన్నిటినీ మించి మిరియాలు. దానికి పేరంటూ లేదు. ‘అది’ అంటారు. "అది జెరంత తాగు" అంటే, ఇంట్లో వాళ్లు పెరటి దారిన బయటపడతారు. ప్రభుత్వం ‘అది’ని పంచలేదు గదా. పేరు కావాలి.

మొదట చైర్మన్ గారు ఎవరినీ అడగకుండా ‘మందు’ అని వేయించారు. ‘చైర్మన్ గారి మందు, అందరికీ ఉచితం’ అని నేనే ఎర్రటి అక్షరాలతో ప్రింటు తీశాను. సాయంత్రానికి చౌరస్తా పక్క మైదానం నిండిపోయింది. ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకున్నారు. కొందరు పల్లీలు, ఉల్లిగడ్డ ముక్కలు కూడా తెచ్చుకున్నారు. పూలమ్మ గారు గరిటెతో పోసిన మొదటి చుక్కకే సభ ముగిసింది. చైర్మన్ గారు ఎటువంటి గాయాలూ లేకుండా ఇల్లు చేరారని తెలియజెయ్యడానికి సంతోషిస్తున్నాను.

ఆ దెబ్బతో నామకరణ కమిటీ ఏర్పడింది. ప్రభుత్వం తరఫున స్పెషల్ ఆఫీసర్ తిరుమల మేడం. భాష తరఫున, బడిలో తెలుగు చెప్పి రిటైరైన ముత్యం సారు. పానీయాల తరఫున, చౌరస్తాలో షర్బత్ దుకాణం నడిపే రహమతుల్లా భాయ్. అక్షరాలు ఎంత పెద్దవి పడతాయో చెప్పడానికి, టేపు పట్టుకుని నేను.

ముత్యం సారు గొంతు సవరించుకున్నారు. "కషాయం అందాం. శాస్త్రీయంగ అదే కరెక్టు."

"సారూ, కషాయం అంటెనే నాకు మా అవ్వ యాదికొస్తది," అన్నారు చైర్మన్ గారు. "ముక్కు మూసి పోసేది. ముక్కు మూస్తె ఓట్లు పడ్తయా?"

"తీర్థం?"

తిరుమల మేడం తల ఎత్తకుండానే అడ్డుకున్నారు. "తీర్థం అంటె దేవాదాయ శాఖకు పోతది ఫైలు. మన సంస్థ ఉండది."

సంస్థ ఉండదనేసరికి చైర్మన్ గారు మంచినీళ్లు తాగారు. ఆయన కళ్లు రహమతుల్లా భాయ్ వైపు తిరిగాయి. "భాయ్, షర్బత్ అందామా?"

"అరే, షర్బత్‌ల ఐసుండాలె సాబ్! గిట్ల పొగలు గక్కేదానికి షర్బత్ అని పేరు వెడితె మా ఖాన్‌దాన్ ఇజ్జత్ ఏం గావాలె?"

అప్పుడు ముత్యం సారు ‘సంజీవని’ అన్నారు. గదిలో ఒక వెలుగు వచ్చినట్టయింది. నాకు అక్షరాలు కూడా సరిపోయాయి. కానీ మేడం పెన్ను కింద పెట్టారు.

"సంజీవని అంటె చచ్చినోళ్లు లేవాలె గదా?"

"అవును మేడం. దాని అర్థమే అది."

"మరి తండ్రి సచ్చిపోతె కొడుకులకు బొగ్గుబాయిల నౌకరీలు ఇచ్చినరు. ఆ తండ్రులు లేచొచ్చి మా డ్యూటీ మాకియ్యి అంటె? ఒక పోస్టు, ఇద్దరు మనుషులు. ఎవరిని ఆపాలె?"

చైర్మన్ గారికి చెమట పట్టింది. "వద్దు వద్దు. ఇండ్లల్ల తండ్రికి కొడుకుకు లొల్లి అయితది. సచ్చినోళ్లను గట్లనే ఉండనియ్యుండ్రి."

చివరికి ‘అమృతం’ దగ్గర ఆగారు. అది తాగినవారికి చావు లేదని ముత్యం సారు అర్థం చెప్పారు. మేడం వెంటనే, "చావు లేకపోతె పింఛన్ ఎప్పటిదాక ఇయ్యాలె?" అని అడిగారు. ముత్యం సారు పైకప్పు వైపు చూశారు. రహమతుల్లా భాయ్ అయితే కళ్లు మూసుకున్నారు, ఆలోచిస్తున్నారనే అనుకుంటాను. పరిష్కారం చైర్మన్ గారికే తట్టింది.

"రాజం, పెద్దగ అమృతం అని వెయ్యి. కింద సన్నగ, ‘స్టాకున్నంత వరకే’ అని వెయ్యి."

అట్లా ఆ మాటకు వేల ఏళ్లుగా ఉన్న అర్థాన్ని, ఎవరి మనసూ నొప్పించకుండా, ఒక్క లైనులో సర్దేశారు. ఆయన మేధస్సుకు నేను టేపు చుట్టి జేబులో పెట్టుకుని దండం పెట్టాను.

ఇక మొదటి గ్లాసు ఎవరికి అన్నది తేలాలి. ప్రారంభోత్సవం పొద్దుటి షిఫ్టు వదిలే వేళకు పెట్టారు. బావి నుంచి పైకొచ్చి ఇంటికి పోతున్న సదయ్య, ఏ పాపమూ ఎరగకుండా, మైదానం అంచున నిలబడి దగ్గాడు. సదయ్యకు యాభై ఏడు దాటాయి. పెళ్లి కాకముందు నుంచీ బొగ్గు దుమ్ములోనే ఉన్నాడు. ఆయన దగ్గితే పక్క వీధిలో కుక్క లేస్తుంది. మైకులో చైర్మన్ గారి ఉపన్యాసం ఆ దగ్గులో మునిగిపోయింది. వేరే నాయకుడైతే కోప్పడేవాడు.

"ఆ దగ్గెవరిదే?" అన్నారు చైర్మన్ గారు ఆనందంగా. "మనకు గావల్సిన దగ్గు గదే! పట్టుకరాండ్రి!"

నలుగురు వెళ్లి తెచ్చారు. "నాకద్దు సారూ, నాకేం గాలే, నేను మంచిగనే..." అని సదయ్య అంటుండగానే గ్లాసు నోటికి ఆనింది. పూలమ్మ గారు ఆ రోజు సభకు తగినట్టు మిరియాలు రెట్టింపు వేశారు. సదయ్య కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. దగ్గు కూడా రాలేదు. మనిషి ఊపిరి బిగబట్టి అట్లాగే నిలబడిపోయాడు.

"చూసిన్రా? ఆగింది!" అన్నారు చైర్మన్ గారు.

మైదానమంతా చప్పట్లు కొట్టింది. నేను ఫొటో తీశాను. మళ్లీ దగ్గు మొదలయ్యేసరికి సభ మైకు పాటల్లోకి వెళ్లిపోయింది.

ఫ్లెక్సీ విషయంలో నేను కొంత కళాత్మక స్వేచ్ఛ తీసుకున్నాను. సదయ్య అసలు ఫొటో మీరు చూడలేదు కాబట్టి చెబుతున్నాను, అది చూస్తే అమృతం మీద నమ్మకం కలగదు. అందుకని తల సదయ్యదే ఉంచి, ఛాతీ మాత్రం మా దగ్గర జిమ్ వాళ్ల ఆర్డరులో మిగిలింది వేశాను. జుట్టుకు నలుపు, బుగ్గలకు కొంచెం గులాబీ రంగు. పక్కన చైర్మన్ గారు గ్లాసెత్తి తాగుతున్నట్టు పెట్టాను. ఆయనకూ అదే జిమ్‌లోంచి భుజాలు. కింద ‘ఒక్క గ్లాసు! నా దగ్గు మాయం! – సదయ్య, కార్మికుడు’. ఆ రాత్రికి రాత్రే గంగానగర్ నుంచి బస్టాండు దాకా కట్టాం.

మర్నాడు షట్టరు ఎత్తకముందే సదయ్య భార్య జమున వచ్చి నిలబడింది. కొంగు నడుముకు చుట్టి ఉంది.

"రాజం అన్నా, నా కొడుకు నోట్ల మన్ను గొట్టినవు గదనే!"

ఇక్కడ బయటి ఊళ్ల పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఇతర ప్రాంతాల్లో మనిషికి జబ్బు చేస్తే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. మా దగ్గర జబ్బును భద్రంగా చూసుకుంటారు. పని చెయ్యలేనంత జబ్బు ఉన్నదని బొగ్గు కంపెనీ మెడికల్ బోర్డు తేల్చి, కార్మికుణ్ని ‘అన్‌ఫిట్’ చేస్తే, ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. ‘ఫిట్’ అంటే ఏమీ రాదు, రిటైరయ్యేదాకా బావిలోకి దిగడమే. అందుకని మా కాలనీల్లో బోర్డుకు పోయేవారిని "మంచిగ దగ్గు కాకా" అని దీవించి పంపిస్తారు. అన్‌ఫిట్ అయి వచ్చినవారి ఇంట్లో స్వీట్లు పంచుతారు. సదయ్య కొడుకు రుత్విక్ ఐటీఐ చదివి, కిరాయి ఆటో నడుపుతున్నాడు. సదయ్యకు బోర్డు పిలుపు వచ్చి ఉంది, ఆ నెలలోనే.

"బోర్డోళ్లు ఫ్లెక్సీలు జూస్తరా అక్కా?" అన్నాను ధైర్యం చెబుతూ.

"ఊరి పొడుగున గట్టినంక సూడకుంట ఎట్లుంటరే? కండ్లు మూసుకొని తిరుగుతరా?"

వెనకాల సదయ్య మెల్లగా వచ్చాడు. నాలుగడుగులకు ఒకసారి ఆగాడు. దుకాణం ముందు కట్టిన ఫ్లెక్సీలో తన బొమ్మనే చూస్తూ ఉండిపోయాడు.

"పెండ్లినాడు గూడ నేను గింత మంచిగ లేనే, రాజం," అన్నాడు.

జమున మొగుడి ముఖం చూసింది, బొమ్మ ముఖం చూసింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ ఆర్డరు ఇచ్చినవారిని అడగకుండా విప్పడం మా వృత్తి ధర్మం కాదు. ముగ్గురం కలిసి చైర్మన్ గారి దగ్గరికి పోయాం.

"రా సదయ్యన్నా!" అని ఆయన లేచి వచ్చి కౌగిలించుకున్నారు. "ఎట్లున్నది పానం?"

"మంచిగలేదు సారూ," అని సదయ్య దగ్గాడు.

"గదేంది? నిన్న ఆగింది గదా!"

"నిన్న ఊపిరే ఆగింది సారూ. జెర ఆ ఫ్లెక్సీలు తీయించు. నాకు నయం గాలేదని చెప్పు."

"నయం చేసినంక నయం గాలేదని ఎట్ల జెప్తనే?"

"మరి మల్ల నయం గాకుండ జెయ్యి."

చైర్మన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "సూడు సదయ్యన్నా. ప్రభుత్వం ఒకసారి మేలు జేస్తె అది వాపస్ తీసుకోదు. నువ్వు ఆరోగ్యంగ ఉన్నవు. అది నీ హక్కు."

"నా కొడుకు సంగతేంది సారూ?" అంది జమున.

"కొడుక్కు గూడ ఒక గ్లాసు తాగిపిద్దాం!"

ఇంత దయగల జవాబు విన్న తర్వాత వాళ్లు దండం పెట్టి వచ్చేశారు. దారిలో జమున, "వాడు గూడ బాయిల దిగితె గిట్లనే దగ్గుతడేమోనయ్యా," అంది. సదయ్య ఆగి ఊపిరి తీసుకుని, "దగ్గినా నెల నెలా జీతమొస్తది," అన్నాడు. ఈ మాట నేను వినకుండా ఉంటే బాగుండేది. విన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఈ లోపల అమృతం పంపిణీ ఉద్యమంగా మారింది. రహమతుల్లా భాయ్ కొడుకు అర్సలాన్ వ్యానుకు డ్రైవరు. వ్యాను మీద మైకు, పక్కన డ్రమ్ము, నాలుగు వైపులా నా ఫ్లెక్సీలు. "దగ్గు ఎక్కడ జాస్తి వినొస్తె గక్కడ ఆపు," అని చైర్మన్ గారు ఒకే ఒక ఆదేశం ఇచ్చారు. కుర్రాడు బుద్ధిమంతుడు, మాట జవదాటడు. మొదటి రోజే బావి గేటు ముందు, షిఫ్టు వదిలే వేళకు ఆపాడు.

సైరన్ మోగింది. కార్మికులు నల్లటి ముఖాలతో గేటు దాటారు. మైకులో, "ఒక్క గ్లాసు! దగ్గు, ఆయాసం, నడుము నొప్పి మాయం!" అని వినపడింది. అంతే. గుంపు నిలువునా చీలిపోయింది. సైకిళ్లు వదిలేసినవాళ్లు, గోడ దూకినవాళ్లు, మళ్లీ బావిలోకే పోయినవాళ్లు. యాభై దాటినవారు ముందున్నారు. బోర్డు పిలుపు వచ్చినవారు వారికంటే ముందున్నారు. కార్యకర్తలు స్టీలు గ్లాసులు పట్టుకుని, "ఆగు కాకా, ఆరోగ్యం తీస్కపో!" అని వెంటపడ్డారు. "నా పిల్లల ముఖం సూడు బిడ్డా!" అని ఒక పెద్దాయన రెండు చేతులూ జోడించి పరుగెత్తాడు.

నేను కంగారుపడి, వ్యాను పక్కనున్న చైర్మన్ గారి వైపు చూశాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఫొటో తియ్యి రాజం! వాసనకే గింత ఉరుకుతున్నరంటె, తాగితె ఎట్లుంటది?"

ఆ వారం ‘వాసనకే ఈ పరుగు!’ అనే ఫ్లెక్సీ కట్టాం. దృష్టి అంటే అది. మనబోటి వాళ్లకు జనం పారిపోవడమే కనపడుతుంది.

సదయ్య బోర్డు రోజు రానే వచ్చింది. తొలి బస్సుకు, బోర్డు కూర్చునే కొత్తగూడెం బయల్దేరాడు. జమున బతిమాలితే నేనూ తోడు పోయాను. ఎవరైనా అడిగితే, ఫ్లెక్సీలో ఛాతీ ఆయనది కాదని సాక్ష్యం చెప్పాలి. ఒరిజినల్ ఫొటో నా ఫోనులో ఉంది. దారంతా సదయ్య కిటికీ వైపు తిరిగి, మెల్లగా దగ్గు ప్రాక్టీసు చేశాడు. ఆయనకు ప్రాక్టీసు అవసరమే లేదు. అయినా పరీక్షకు పోయేవాళ్ల భయం అట్లాగే ఉంటుంది.

బోర్డు హాలు ముందు వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. మొత్తం బొగ్గు ప్రాంతంలోని దగ్గులన్నీ అక్కడికి వచ్చినట్టున్నాయి. కాసిపేట దగ్గు, గోలేటి దగ్గు, ఎవరిది వారిది. నడుము పట్టుకున్నవారు, మోకాలు పట్టుకున్నవారు, ఏం పట్టుకోవాలో తెలియక పక్కవాణ్ని పట్టుకున్నవారు. చివరి బెంచీ మీద ఒకాయన మెడకు పట్టీ, తలకు మఫ్లరు, చేతికర్రతో, ఇద్దరి భుజాల మీద వాలి మూలుగుతున్నాడు. ఆ మూలుగు నేను ఎక్కడో మైకులో విన్నాను.

"చైర్మన్ సారూ!" అన్నాను.

"మెల్లగ!" అన్నారు ఆయన. "నేను రాలేదనుకో."

సదయ్య దండం పెట్టాడు. "ఏమైంది సారూ?"

"ఏం గాలేదో అడుగు సదయ్యన్నా. మెడ పోయింది. నడుము పోయింది. ఊపిరి ఆడ్తలేదు. పంపు కాడ చేసి చేసి పానం ఖతమైంది." ఆయన గొంతు తగ్గించారు. "కొడుకు హైదరాబాద్‌ల ఖాళీగ తిరుగుతుండు."

"మరి అమృతం తాగినవు గద సారూ?" అన్నాడు సదయ్య, నిజంగానే ఆశ్చర్యపోయి.

"నేనెప్పుడు తాగిన్నే?"

"ఫ్లెక్సీల..."

"ఫ్లెక్సీల నా గ్లాసు ఖాళీది. అడుగు, రాజమే ఉన్నడు."

నేను ఔనన్నాను. అది నిజమే. ఆ గ్లాసులో రంగు నేను తర్వాత పోశాను.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర మైకు వినపడింది. అర్సలాన్. దగ్గు ఎక్కడ జాస్తి వినొస్తుందో ఆరా తీసి, బోర్డు రోజున కొత్తగూడెంలోనే అని కనుక్కుని, తెల్లవారుజామునే వ్యాను ఎక్కాడు. తన నాయకుడికి అంతకంటే నమ్మకంగా పనిచేసే కార్యకర్తను నేను చూడలేదు.

"ఒక్క గ్లాసు! దగ్గు, ఆయాసం, నడుము నొప్పి మాయం! సాక్షాత్తు చైర్మన్ జగదీశ్వర్ గారే రోజూ తాగే అమృతం!"

వ్యాను లోపలికే వచ్చేసింది. నాలుగు వైపులా చైర్మన్ గారు జిమ్ భుజాలతో గ్లాసెత్తి నవ్వుతున్నారు. వరండాలో బెంచీలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. మోకాళ్లు, నడుములు, మెడలు అన్నీ కలిసి లేచాయి. ఏళ్లుగా మంచం దిగలేదని చెప్పుకుంటున్న గోలేటి పెద్దమనిషి ఒకాయన పూలకుండీల మీదుగా దాటాడు. అయితే అందరికంటే ముందు ఉన్నది ఎవరో చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. కర్ర ఒక వైపు, మెడ పట్టీ ఒక వైపు పడేసి, ఇద్దరు మనుషుల్ని చెరో పక్కకు తోసి, చైర్మన్ గారు మెట్లు ఒక్క అంగలో దిగి, ప్రహరీ గోడ మీద ఒక చెయ్యి ఆనించి అవతలికి దూకారు. మఫ్లరు మాత్రం గోడ మీద మిగిలింది.

డాక్టర్లు కిటికీ దగ్గరికి వచ్చి చూశారు. చాలా శ్రద్ధగా చూశారు.

సదయ్య ఒక్కడే బెంచీ మీద ఉండిపోయాడు. లేవబోయాడు, మెట్ల దాకా పోలేక కూర్చున్నాడు. అంతమంది పరుగెత్తుతుంటే తాను ఒక్కడే పరుగెత్తలేకపోయినందుకు ఆయన ముఖం చిన్నబోయింది. అర్సలాన్ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"కాకా, నువ్వన్న తాగు. గింత దూరం తెచ్చిన."

"వద్దు అన్నా!" అని నేను అడ్డుపడ్డాను.

సదయ్య నా చెయ్యి పక్కకు జరిపాడు. "ఇయ్యి బిడ్డా. గొంతెండిపోయింది. పొద్దుగల్ల నుంచి చుక్క నీళ్లు తాగలే. మన నసీబ్ల ఏదుంటె అదే." చల్లారిందేమో, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. అంతలో లోపలి నుంచి ఆయన పేరు పిలిచారు. ఆ రోజు పిలిస్తే పలికినవాడు ఆయన ఒక్కడే.

వారం తిరగకముందే ఫలితాలు వచ్చాయి. సదయ్య అన్‌ఫిట్. జగదీశ్వర్ గారు ఫిట్, అండర్‌గ్రౌండ్ పనికి అన్ని విధాలా ఫిట్, వెంటనే పంపు దగ్గర డ్యూటీలో చేరవలెను. మిగతా పరుగెత్తినవారికి కూడా అదే.

సదయ్య ఇంట్లో పండగే. జమున వీధి వీధీ తిరిగి లడ్డూలు పంచింది. నా చేతిలో రెండు పెట్టి, "మొన్న తిట్టిన, మనసుల పెట్టుకోకు అన్నా," అంది. "ఏమన్నరక్కా డాక్టర్లు?" అని అడిగితే, "ఊపిరితిత్తులు రెండు మొత్తమే పోయినయట!" అని నవ్వు ముఖంతో చెప్పింది. చెప్పిన తర్వాత నవ్వు ఆగిపోయింది. లడ్డూల గిన్నె చంకలో పెట్టుకుని పక్కింటికి పోయింది.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. ఆ రోజు అంతమంది బోర్డుకు పోతే అన్‌ఫిట్ అయింది ఒక్క సదయ్య. అంతమందిలో అమృతం తాగింది కూడా ఒక్క సదయ్య. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. మా వాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి? తెల్లవారేసరికి పూలమ్మ గారి ఇంటి ముందు వరుస. రెండో సందు దాటి మూడో సందులోకి తిరిగింది. నిన్నటిదాకా గ్లాసు చూసి గోడలు దూకినవారు క్యాన్లు, బిందెలు తెచ్చుకున్నారు. "మా ఆయనకు బోర్డు వచ్చే నెలనే ఉన్నది, జెర గట్టిగ పొయ్యి అవ్వా," అని ఒకామె. "మిరియాలు తక్కువేస్తె ఊకోం!" అని వెనకనుంచి ఇంకొకాయన.

చైర్మన్ గారు వెంటనే ప్రెస్ మీట్ పెట్టారు. "నేను మొదటిసంది చెప్తున్నది గిదే," అన్నారు. "కొంతమంది తప్పుగ అర్థం చేసుకున్నరు."

మాటకు అర్థం మారింది కాబట్టి కమిటీ మళ్లీ కూర్చుంది. ముత్యం సారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "మృతి లేనిది అమృతం," అన్నారు చివరికి. "మనిషికి అని ఎక్కడ ఉన్నది? నౌకరీ అనుకుందాం. తండ్రి పోయినా నౌకరీ సావకుంట కొడుక్కు పోతది గదా. అదే అమృతం." తిరుమల మేడానికి కూడా ఇందులో అభ్యంతరం కనపడలేదు. రహమతుల్లా భాయ్ కళ్లు తెరిచి, "వాహ్!" అన్నారు.

నాకు కొత్త ఆర్డరు వచ్చింది. అదే పేరు, అదే సదయ్య. ఛాతీ మాత్రం తీసెయ్యమన్నారు. బుగ్గల రంగు తీసేశాను, జుట్టు నలుపు తీసేశాను. ఫోనులోని ఒరిజినల్ ఉన్నదున్నట్టు వేశాను. సదయ్య వచ్చి చాలాసేపు చూశాడు. "గిదే మంచిగున్నది. నా లెక్క ఉన్నడు," అన్నాడు.

సోమవారం రెండో షిఫ్టుకు ముందు ఆ ఫ్లెక్సీని పూలమ్మ గారి ఇంటి ముందు కడుతూ మళ్లీ నిచ్చెన మీద ఉన్నాను. వరుసలో ఒక కొత్త టోపీ కనపడింది. తళతళలాడే బావి టోపీ, కొత్త బూట్లు, నడుముకు లైటు బ్యాటరీ. కింది మనిషి ఎవరా అని చూస్తే చైర్మన్ గారు. జనం దారి ఇవ్వబోయారు. ఆయన వద్దని, వరుసలోనే నడిచి పొయ్యి దగ్గరికి వచ్చారు. ఆయన చేతిలోని గ్లాసు ఈసారి ఫొటో కోసం కాదు, తాగడానికే.

పూలమ్మ గారు గరిటె ఎత్తి ఆగారు. "అల్లుడా, ఒక్క మాట అడుగుత. జనం ఒకరోజు రోగం తగ్గాలె అంటరు, ఒకరోజు పెరగాలె అంటరు. ఇంతకు గిది దేనికి పన్జేస్తదయ్యా?"

"నాకేమెరుక అత్తా," అన్నారు చైర్మన్ గారు. "షిఫ్టుకు యాళ్లయితున్నది. నిండ పొయ్యి."

తాగారు. కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచారు. కాసేపు ఏ శబ్దమూ రాలేదు. వరుసంతా ఊపిరి బిగబట్టి ఆయన నోటివైపే చూస్తోంది.

చైర్మన్ గారు దగ్గారు.

మూడు సందులూ చప్పట్లు కొట్టాయి.